ప్రాణం దక్కింది.. ఇక బతుకు నిలవాలి

రాత్రి పదకొండు దాటింది. హైదరాబాద్‌–విజయవాడ హైవే పక్కన ఓ పట్టణంలో ప్రైవేటు ఆస్పత్రి. క్యాజువాలిటీలో స్ట్రెచర్‌ మీద ముప్ఫై నాలుగేళ్ల మనిషి. టైల్స్‌ మేస్త్రి. పని ముగించుకుని బండి మీద ఇంటికొస్తుంటే వెనక నుంచి కారు గుద్దింది. నర్సు అతడి ప్యాంటును మోకాలి పైదాకా కత్తెరతో కోసేసింది. పిక్క మీద చర్మం చీలి, ఎముక మొన తెల్లగా కనపడుతోంది. స్ట్రెచర్‌ కదిలినప్పుడల్లా పళ్లు బిగబట్టి ‘అమ్మా’ అంటున్నాడు.

భార్య గోడకు ఆనుకుని నిలబడింది. చేతిలో పాలిథిన్‌ కవరు. అందులో రక్తం అంటిన చొక్కా, అద్దం పగిలిన ఫోను, ఒంటి చెప్పు. ఆమె తమ్ముడు కౌంటర్‌ దగ్గరున్నాడు. ‘యాభై వేలు అడ్వాన్సు కట్టండి, థియేటర్‌ రెడీ చేయిస్తాం’ అంటున్నారు అవతల. అతడు ఫోన్లో ఒక్కో నంబరే నొక్కుతున్నాడు. ‘అన్నా, పొద్దుగాల కల్ల సర్దుత.. జర చూడే..’

అప్పుడే కారు యజమాని వాళ్ల దగ్గరికొచ్చాడు. అతడు పారిపోలేదు. గాయపడిన మనిషిని తన కార్లోనే పడుకోబెట్టి తెచ్చాడు. ఆమె ముందు చేతులు జోడించి, ‘అమ్మా, కేసు గీసు వద్దు. ఖర్చంత నేనే పెట్టుకుంట. మీ ఆయన లేచి నడిచేదాక బాధ్యత నాది’ అన్నాడు. తమ్ముడు అక్కను పక్కకు పిలిచాడు. ‘అక్కా, మనిషి మంచోడే ఉన్నట్టున్నడు. ఒప్పుకుందమా?’

ఆమె బదులివ్వలేదు. అడ్వాన్సుతో సంబంధం లేకుండా ముందు వైద్యం మొదలుపెట్టాలని చట్టం చెబుతోందనీ, మొదటి ఏడు రోజుల చికిత్సకు కేంద్రం తెచ్చిన పథకం ఒకటి ఉందనీ, ఇప్పుడు కేసు వద్దంటే రేపు పోయే సంపాదనను అడిగే దారి మూసుకుపోవచ్చనీ ఆమెకు తెలియదు. చెప్పేవాళ్లు ఆ కారిడార్లో ఒక్కరూ లేరు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ హైవే పక్క ఆస్పత్రిలోనైనా రాత్రిపూట కాసేపు కూర్చుంటే కనిపించే దృశ్యమే ఇది.

వార్త ముగిసిన చోట..

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ప్రైవేటు బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు ఆహుతయ్యారు. పది రోజులు తిరక్కుండానే, నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరూ ఆర్టీసీ బస్సూ ఢీకొని మరో 19 మంది పోయారు. అప్పటి నుంచి రోడ్డు భద్రత గురించి ఇంటింటా మాట్లాడుకుంటున్నాం. బస్సుల ఫిట్‌నెస్‌, టిప్పర్ల ఓవర్‌లోడు, విస్తరణకు నోచుకోని రోడ్లు.. అన్నీ మాట్లాడాల్సినవే. కానీ ప్రతి ప్రమాద వార్తలోనూ చివరి వాక్యం ఒకటుంటుంది: ‘క్షతగాత్రులను ఆస్పత్రికి తరలించారు’. వాళ్ల గురించి మనం చదివే ఆఖరి మాట అదే. వాళ్లకు మాత్రం అసలు కథ అక్కడే మొదలవుతుంది.

2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. 4,43,366 మంది గాయపడ్డారు. అంటే పోయిన ఒక్కో ప్రాణానికి ఇద్దరికి పైగా గాయాలతో మిగిలారు. ఎముక విరిగినవాళ్లు, వెన్ను దెబ్బతిన్నవాళ్లు, తలకు దెబ్బ తగిలి ఇంట్లోవాళ్ల పేర్లు మరిచిపోయినవాళ్లు. డాక్టరు కాపాడిన మనిషిని ఆస్పత్రి బిల్లూ, ఆగిపోయిన సంపాదనా మళ్లీ కూలదోస్తున్నాయి. దీనికి చట్టంలో చాలావరకు దారులున్నాయి. అవి అవసరమైన మొదటి రోజున, అవసరమైన మనిషికి తెలియకపోవడమే పెద్ద కష్టం.

ముందు వైద్యం, తర్వాతే కాగితం

1980ల చివర్లో స్కూటర్‌ మీద వెళ్తున్న ఓ వ్యక్తిని కారు గుద్దేసింది. దగ్గరి ఆస్పత్రికి తీసుకెళితే, ఇలాంటి పోలీసు కేసులు చూసే అధికారం మాకు లేదంటూ ఇరవై కిలోమీటర్ల అవతలి ఆస్పత్రికి పంపారు. దారిలోనే ప్రాణం పోయింది. పత్రికలో వచ్చిన ఆ వార్త పట్టుకుని పరమానంద్‌ కటారా అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1989 ఆగస్టులో తీర్పు వచ్చింది. ప్రభుత్వ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం నిలబెట్టాలి, పోలీసు లాంఛనాలు తర్వాత చూసుకోవచ్చని న్యాయస్థానం తేల్చిచెప్పింది.

మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను కూడా ఇదే చెబుతోంది. ప్రమాదం చేసిన డ్రైవరు బాధితుణ్ని ఆస్పత్రికి చేర్చాలి. డ్యూటీలో ఉన్న డాక్టరు ఏ లాంఛనం కోసమూ ఆగకుండా వైద్యం చేయాలి. తీర్పు వచ్చి ముప్ఫై అయిదేళ్లు దాటినా ‘ముందు అడ్వాన్సు’ అన్న మాట మన క్యాజువాలిటీల్లో వినపడుతూనే ఉంది. అది వినపడినప్పుడు గొడవ పడాల్సిన పని లేదు. ‘ఎమ్మెల్సీ రాయండి, పోలీసులకు ఇంటిమేషన్‌ పంపండి, ఎమర్జెన్సీ ట్రీట్‌మెంట్‌ మొదలుపెట్టండి’ అని డ్యూటీ డాక్టరును అడగాలి. మెడికో లీగల్‌ కేసుగా నమోదైందంటే ఆ గాయం లెక్కలోకి ఎక్కినట్టు. తర్వాత జరిగే ప్రతి పనికీ అదే పునాది.

రోడ్డు మీద పడి ఉన్న మనిషిని లేపడానికి జనం జంకేది కూడా పోలీసు స్టేషను చుట్టూ తిరగాల్సి వస్తుందనే. ఆ భయం ఇక అక్కర్లేదు. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలూ, 2019 సవరణతో చట్టంలో చేరిన 134ఏ సెక్షనూ సాయం చేసినవారికి రక్షణగా ఉన్నాయి. పేరు, ఫోను నంబరు చెప్పి తీరాలని ఎవరూ బలవంతం చేయకూడదు. సాక్షిగా ఉంటారా లేదా అన్నది వాళ్ల ఇష్టం. ఆస్పత్రి వాళ్లను డబ్బు అడగకూడదు. తీవ్రంగా గాయపడినవారిని మొదటి గంటలో ఆస్పత్రికి చేర్చినవారికి ‘రాహ్‌వీర్‌’ పథకం కింద కేంద్రం 25 వేల రూపాయల బహుమతి కూడా ఇస్తోంది.

లక్షన్నర.. ఏడు రోజులు

2019 సవరణ చట్టంలో మొదటి గంట చికిత్సకు నగదు రహిత పథకం తేవాలని రాసుకున్నారు. ఏళ్లు గడిచినా పథకం రాలేదు. 2024 మార్చిలో చండీగఢ్‌లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. 2025 జనవరి 8న సుప్రీంకోర్టు గడువు పెట్టింది. ఆ గడువూ దాటాక మళ్లీ మందలిస్తే, ఆ ఏడాది మే 5న దేశమంతటికీ వర్తించేలా నోటిఫికేషన్‌ వెలువడింది.

దాని ప్రకారం మోటారు వాహనం వల్ల ఏ రోడ్డు మీద గాయపడినా, ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల దాకా, ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల వరకు నగదు రహిత వైద్యం అందాలి. తెల్లకార్డు అక్కర్లేదు. తప్పెవరిదన్న ప్రశ్నా లేదు. కారు నడుపుతున్నవాళ్లు, వెనక సీట్లో కూర్చున్నవాళ్లు, పక్కన నడిచి వెళుతున్నవాళ్లు అందరూ అర్హులే. గుద్దిన బండికి బీమా లేకపోయినా, అది ఆగకుండా వెళ్లిపోయినా సరే వర్తిస్తుంది.

అయితే రెండు మెలికలున్నాయి. ఈ వైద్యం పథకం కింద గుర్తించిన ఆస్పత్రిలోనే పూర్తిగా దొరుకుతుంది. జాబితాలో లేని చోట మనిషిని నిలకడ స్థితికి తెచ్చేంతవరకే ఇస్తారు. రెండోది, అది రోడ్డు ప్రమాదమేనని పోలీసులు ధ్రువీకరించాలి. అంటే కేసు వద్దని పోలీసులకు చెప్పకుండా ఉంటే ఈ సాయం కూడా చేజారుతుంది. అందుకే ఆటో ఎక్కించి తెలిసిన ఆస్పత్రికి తీసుకెళ్లడం కన్నా 108కో, 112కో ఫోన్‌ చేయడం మేలు. అంబులెన్సులో వైద్యం మొదలవుతుంది, ఎక్కడికి చేర్చాలో వాళ్లకు తెలుస్తుంది, సమాచారం రికార్డవుతుంది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108ని చూసి మిగతా రాష్ట్రాలు నేర్చుకున్నాయి. మన చేతిలో ఉన్న ఆ మూడంకెలను మనమే మరిచిపోకూడదు.

లక్షన్నర సరిపోతుందా? ఒక కాలు విరిగి రాడ్డు వేసే ఆపరేషనైతే చాలా చోట్ల సరిపోవచ్చు. తలకు దెబ్బ తగిలి వెంటిలేటర్‌ మీదున్న మనిషికి ఏడు రోజులంటే సగం దారి కూడా కాదు. పరిమితిని గాయాన్ని బట్టి పెంచాలన్నది ఈ కథనం రాస్తున్న నా గట్టి అభిప్రాయం. అప్పటిదాకా మిగతా భారాన్ని మోయడానికి పేదలకు ఉన్న ఆసరా 2007లో మొదలైన ఆరోగ్యశ్రీయే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి దాని పరిమితి పది లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్‌ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. చేరిన ఆస్పత్రిలో ఈ పథకం ఉందా, ఉంటే ఆ విభాగానికి ఉందా అని మొదటి రోజే ఆరోగ్యమిత్రను అడగాలి. నాలుగైదు రోజుల బిల్లు పేరుకున్నాక నిమ్స్‌కో, గాంధీకో, గుంటూరు జీజీహెచ్‌కో, విశాఖ కేజీహెచ్‌కో మారుద్దామనుకుంటే అప్పటికే ఇంట్లో బంగారం తాకట్టుకు వెళ్లిపోయి ఉంటుంది.

చెన్నై రోడ్డు మీద తిరిగే నెల్లూరు, తిరుపతి జిల్లాలవాళ్లు ఇంకొకటి తెలుసుకోవాలి. తమిళనాడు 2021 డిసెంబరు నుంచి తన పరిధిలో ప్రమాదానికి గురైన ఎవరికైనా, ఏ రాష్ట్రం వారైనా, మొదటి 48 గంటల వైద్యాన్ని ఉచితంగా చేయిస్తోంది.

■ ఫోన్లో ఉండాల్సిన నంబర్లు
108: అంబులెన్సు. పూర్తిగా ఉచితం.
112: పోలీసు సహా అన్ని అత్యవసరాలకు.
1033: జాతీయ రహదారుల సంస్థ హెల్ప్‌లైన్‌. హైవే మీద అంబులెన్సు, క్రేన్‌ పంపిస్తారు.
104: ఆరోగ్య సమాచారం, ఆరోగ్యశ్రీ వివరాలు.
15100: ఉచిత న్యాయ సహాయం.

‘కేసు వద్దు’ అంటే పడే బరువు

కారు యజమాని మాటను కొట్టిపారేయలేం. అతడు మోసగాడు కాదు, భయపడ్డాడు. కేసంటే స్టేషను, కోర్టు, లైసెన్సు గొడవ. బాధితుల వైపు కూడా అదే ఆలోచన. కోర్టులో ఎప్పటికి వస్తుందో తెలియని డబ్బు కన్నా చేతిలో పడే యాభై వేలు నయమనిపిస్తుంది. ఊరి పెద్దలు ఓ కాగితం మీద రాజీ రాయిస్తారు. ‘ఇకపై ఎలాంటి సంబంధమూ లేదు’ అనే వాక్యంతో అది ముగుస్తుంది.

ఆ తర్వాత జరిగేది దాదాపు ఒకే తీరులో ఉంటుంది. మొదటి ఆపరేషను బిల్లు అతడు కడతాడు. రెండు నెలలకు రాడ్డు దగ్గర చీము పడుతుంది. మళ్లీ ఆపరేషనంటారు. ఈసారి అతడు ఫోను ఎత్తడు. ఎత్తినా ‘నా వల్ల కాదు’ అంటాడు. తప్పు పట్టలేం, అతడి చేతిలోనూ అంత డబ్బు ఉండదు. అప్పుడు లాయరు దగ్గరికి పరుగెత్తితే, ఆస్పత్రి కేసు షీటు మొదటి పేజీ బయటికొస్తుంది. ఎలా తగిలిందన్న చోట ‘బండి మీద నుంచి జారిపడి’ అని ఉంటుంది. పోలీసుల దాకా పోకుండా ఉండాలని ఆ రాత్రి ఎవరో చెప్పి రాయించిన మాట అది. బీమా కంపెనీ వకీలు మోటారు ప్రమాదాల పరిహార ట్రైబ్యునల్‌లో ముందుగా చూపించే కాగితం కూడా అదే. కారు ప్రస్తావనే లేని చోట కారు బీమా డబ్బు ఎలా వస్తుంది?

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, కేసు పెట్టడం కారు యజమానికి కూడా మంచిదే. థర్డ్‌ పార్టీ ప్రీమియం అతడు ఏటా కడుతున్నది సరిగ్గా ఈ రోజు కోసమే. లైసెన్సూ, బీమా పాలసీ సక్రమంగా ఉంటే పరిహారం చెల్లించేది బీమా కంపెనీ. అతడి జేబు కాదు. పాలసీ నిబంధనను అతడు ఉల్లంఘించిన సందర్భాల్లో సైతం, ముందు బాధితుడికి చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు కంపెనీలకు చెప్పిన తీర్పులు బోలెడు.

ఎఫ్‌ఐఆర్‌ కొన్ని రోజులు ఆలస్యమైతే అంతా పోయినట్టేనా? కాదు. ఒంటి మీద గాయంతో ఉన్నవారికీ, వాళ్ల కుటుంబానికీ ముందు వైద్యమే ముఖ్యమనీ, ఆలస్యమొక్కటే సాకుగా దావా కొట్టేయకూడదనీ సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ట్రైబ్యునల్‌లో దావా వేయడానికి మాత్రం 2022 ఏప్రిల్‌ నుంచి ఆరు నెలల గడువు అమల్లోకి వచ్చింది. ఈ గడువు న్యాయబద్ధతపై సుప్రీంకోర్టులో వ్యాజ్యాలు నడుస్తున్నాయి. కాబట్టి తీర్పు కోసం ఎదురుచూడకుండా ఆరు నెలల్లోపే వేయడం క్షేమం. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. మీరు ఉండే ఊరి పరిధిలోని ట్రైబ్యునల్‌లోనూ వేయొచ్చు.

అదే కాలు.. ఒక్కొక్కరికి ఒక్కో నష్టం

2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఓ తీర్పు గాయపడినవారి పరిహారానికి దారి చూపింది. ఎడమ చెయ్యి పోయిన డ్రైవరో, వడ్రంగో తన పనిని పూర్తిగా కోల్పోవచ్చు. అదే చెయ్యి పోయిన గుమాస్తా ఉద్యోగం నిలిచే ఉండవచ్చు. కాబట్టి డాక్టరు సర్టిఫికెట్‌లో రాసిన వైకల్యం శాతాన్ని యథాతథంగా తీసుకోకుండా, ఆ గాయం ఆ మనిషి వృత్తిని ఎంత దెబ్బతీసిందో చూడాలని కోర్టు చెప్పింది.

మన టైల్స్‌ మేస్త్రి విషయమే చూడండి. ఆ పని సాంతం గొంతుక్కూర్చుని చేసేదే. మోకాలు ముడవకపోతే అతడు నడవగలడు, బండి నడపగలడు, టైలు మాత్రం వేయలేడు. మెడికల్‌ బోర్డు ఇరవయ్యో ముప్ఫయ్యో శాతం అని రాయవచ్చు. కానీ అతడి పనికి తగిలిన దెబ్బ అంతకన్నా పెద్దది. ఈ తేడాను ట్రైబ్యునల్‌ ముందు నిరూపించేది ఆపరేషను చేసిన డాక్టరు సాక్ష్యం, పని చేయించుకున్న కాంట్రాక్టరు మాట, ఫోన్‌పేలో పడ్డ కూలీ డబ్బుల జాబితా. రశీదుల్లేని వృత్తులవాళ్లు సంపాదన ఎంతో చెప్పలేక నష్టపోతుంటారు. ఆ బ్యాంకు స్టేట్‌మెంటు తీసి పెట్టుకోవాలి.

■ లెక్క ఎలా కడతారు?
వయసు 34. నెలకు సంపాదన 20 వేలనుకుందాం. ఏడాదికి 2,40,000. సొంతంగా పనిచేసుకునేవారు నలభై ఏళ్లలోపు ఉంటే భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు. అప్పుడు 3,36,000. పనికి కలిగిన నష్టం 40 శాతంగా తేలితే ఏడాదికి పోయింది 1,34,400. ఈ వయసుకు సుప్రీంకోర్టు 2009లో ఖరారు చేసిన గుణకం 16. గుణిస్తే 21,50,400 రూపాయలు. ఆస్పత్రి బిల్లులు, ముందుముందు చేయాల్సిన ఆపరేషన్లు, మంచాన ఉన్న నెలల సంపాదన, సహాయకుడి ఖర్చు, పడిన బాధకు ఇచ్చేది.. ఇవన్నీ దీనికి అదనం. రాజీ కాగితం మీద రాసుకున్న అంకెను దీని పక్కన పెట్టి చూడండి.

పుత్తూరు దాకా ప్రయాణం

ఎముక విరిగిందనగానే మన పల్లెల్లో ఇంకా వినపడే మాట ‘పుత్తూరు కట్టు’. తిరుపతికి దగ్గర్లోని పుత్తూరుకు తరతరాలుగా తమిళనాడు నుంచీ, కర్ణాటక నుంచీ జనం వస్తూనే ఉన్నారు. ఆకుపసరు, గుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డపట్టీ. అక్కడ నయమైనవాళ్లున్నారు, వాళ్ల నమ్మకాన్ని తక్కువ చేయను. కానీ ఆస్పత్రిలో ‘ఆపరేషనుకు రెండు లక్షలు’ అనగానే సంతకం పెట్టి బయటికి వచ్చేసి కట్టుకు వెళుతున్నవారిని చూస్తే గుండె తరుక్కుపోతుంది. వాళ్లను అక్కడికి పంపిస్తున్నది నమ్మకం ఒక్కటే కాదు, బిల్లు భయం.

చర్మం చీలి ఎముక బయటికొచ్చిన గాయానికి కట్టు పనికిరాదు. గంటలు గడిచేకొద్దీ ఇన్ఫెక్షన్‌ ముదిరి కాలే తీసేయాల్సి రావచ్చు. వెన్నెముక, తుంటి, తల దెబ్బలకూ అంతే. పైగా డాక్టరు సలహాకు వ్యతిరేకంగా వెళ్లిపోయినట్టు కాగితం మీద సంతకం పెట్టాక, కాలు వంకరగా అతికిందంటే ‘ఇది ప్రమాదం వల్ల వచ్చిన వైకల్యం కాదు, వైద్యం చేయించుకోకపోవడం వల్ల వచ్చింది’ అని బీమా కంపెనీ వాదిస్తుంది. బిల్లే భయమైతే అదే తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్‌ ఆస్పత్రి ఉంది. ఎముకలకు, కీళ్లకు ప్రత్యేకించినది.

మంచం పక్కన కూర్చున్న మనిషి

ఇంట్లో ఒకరు మంచాన పడితే, రెండో మనిషి సంపాదన కూడా ఆగుతుంది. బెడ్‌పాన్‌ పెట్టాలి, కట్టు తడవకుండా ఒళ్లు తుడవాలి, వీపు పుండ్లు పడకుండా రెండేసి గంటలకు పక్కకు తిప్పాలి, ఫిజియోథెరపీకి ఆటోలో తీసుకెళ్లి తేవాలి. చాలాసార్లు ఇవన్నీ చేసేది భార్యో, తల్లో. పత్తి చేనికో, ఇళ్లల్లో పనికో వెళ్లే ఆమె కూలీ పోతుంది. ఆ నష్టాన్ని ఎక్కడా రాసుకోం. ఇంటి మనిషి చేసిన సేవకు లెక్కేమిటి అనుకుంటాం.

న్యాయస్థానాలు లెక్క కడుతున్నాయి. 2007లో పన్నెండేళ్ల వయసులో తలకు దెబ్బ తగిలి, జీవితాంతం ఇంకొకరి మీద ఆధారపడాల్సి వచ్చిన ఓ బాలిక కేసులో సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో పరిహారాన్ని 62 లక్షలకు పైగా పెంచింది. అందులో పెద్ద భాగం ఆమెను చూసుకునే సహాయకుల ఖర్చు. ఏదో ఒక మొత్తం ఇచ్చి చేతులు దులుపుకోకుండా, సంపాదనకు కట్టినట్టే దానికీ గుణకంతో లెక్క కట్టారు.

గాయపడింది గృహిణి అయితే? ‘సంపాదన లేదు కదా’ అన్న వాదన ఇప్పుడు నిలవదు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పుతో పాటు విడిగా అభిప్రాయం రాసిన జస్టిస్‌ ఎన్‌.వి.రమణ, దేశంలో మహిళలు జీతం లేని ఇంటి పనికి రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారన్న ప్రభుత్వ సర్వేను ఎత్తిచూపారు. ఆ శ్రమకు విలువ కట్టడం దయతో చేసే పని కాదని, అది సమానత్వానికి సంబంధించిన విషయమని ఆయన తీర్పు సారం.

అన్నిటికన్నా కుటుంబాన్ని కుంగదీసేది వడ్డీ. ఆస్పత్రి అడ్వాన్సుకు ఊళ్లో తెచ్చే అప్పు నూటికి నెలకు మూడు రూపాయలు, అంటే ఏడాదికి 36 శాతం. ట్రైబ్యునళ్లు పరిహారం మీద వేసే వడ్డీ సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది శాతం మధ్య ఉంటుంది. మూడు నాలుగేళ్ల తర్వాత చేతికొచ్చే మొత్తంలో ఎక్కువ భాగం వడ్డీ వ్యాపారికే పోతుంది. మొదటి వారం వైద్యం నగదు లేకుండా జరగాలని ఇంతగా పట్టుబట్టడం అందుకే.

కారున్నవాళ్లు పాలసీ తీసి చూడండి

డీలరు దగ్గర బండి కొన్నప్పుడు పెట్టిన సంతకాల్లో ఏముందో చాలామందికి తెలియదు. థర్డ్‌ పార్టీ పాలసీ బయటివారికి కలిగే నష్టానికి. సొంత కార్లో కూర్చున్న బంధుమిత్రులకు సాధారణంగా అది వర్తించదు. సమగ్ర పాలసీ ఉంటే వాళ్లకూ రక్షణ ఉంటుంది. పాత కారే కదా అని థర్డ్‌ పార్టీతో సరిపెట్టి, పండక్కి నలుగురిని ఎక్కించుకుని ఊరికి బయల్దేరేవారు ఇది గుర్తుంచుకోవాలి.

డివైడర్‌ను గుద్ది తనకే దెబ్బ తగిలితే? యజమాని–డ్రైవరుకు తప్పనిసరి వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షలు ఉంటుంది. అది మరణానికి, చేయో కాలో కన్నో కోల్పోయినప్పుడు ఇచ్చేది. ఆస్పత్రి బిల్లులకు కాదు. ఆ బిల్లులకు మెడిక్లెయిమో, ఏడు రోజుల పథకమో ఉండాల్సిందే.

గుద్దిన బండి ఏదో తెలియకపోతే తీవ్ర గాయానికి 50 వేలు, మరణానికి 2 లక్షలు ప్రభుత్వ పథకం నుంచి వస్తాయి. ఆర్డీవో లేదా తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. చిన్న మొత్తమే. అయినా అడిగేవాళ్లే తక్కువ.

■ పారేయకూడని కాగితాలు
అంబులెన్సు చీటీ నుంచి ఆఖరి మందుల బిల్లు దాకా అన్నీ ఒకే ఫైల్లో. ఎమ్మెల్సీ నంబరు, ఎఫ్‌ఐఆర్‌ నకలు, వూండ్‌ సర్టిఫికెట్‌, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రే, స్కాన్‌ ఫిల్ములు, రాడ్డూ ప్లేట్ల స్టిక్కర్లు, ఫిజియో రశీదులు, ఆస్పత్రికి తిరిగిన ఆటో, కారు బాడుగలు. మెడిక్లెయిమ్‌కు ఒరిజినల్‌ బిల్లులు ఇచ్చేముందు ఆస్పత్రి ముద్రతో నకళ్లు తీసుకోవాలి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలన్నది డాక్టర్ల నియమావళిలో ఉన్నదే. వైకల్యం మిగిలితే సర్టిఫికెట్‌ కోసం సదరం శిబిరానికి వెళ్లాలి. లాయరుకు ‘వచ్చిన దాంట్లో ఇంత శాతం’ అని రాసివ్వకండి. అలాంటి ఒప్పందాన్ని బార్‌ కౌన్సిల్‌ నియమాలు ఒప్పుకోవు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, ఆదాయం తక్కువున్నవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.

ఫారం–2 ఎక్కడ?

2022 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనలు చదివితే, మనకు ఇంత వ్యవస్థ ఉందా అనిపిస్తుంది. ప్రమాదం జరిగిన 48 గంటల్లో పోలీసులు మొదటి నివేదికను ట్రైబ్యునల్‌కూ బీమా కంపెనీకీ పంపాలి. 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ఇవ్వాలి. అంటే బాధితుడు మంచాన ఉన్నా అతడి తరఫున దావా దానంతట అదే కదలాలి. బీమా కంపెనీ కూడా సమాచారం అందాక 30 రోజుల్లోగా తన ప్రతిపాదన చెప్పాలని చట్టంలో ఉంది. ఈ పని చూడటానికి పోలీసు స్టేషన్లలో ప్రత్యేక విభాగం పెట్టాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

అదే నిబంధనల్లో ఫారం–2 అని ఒకటుంది. బాధితుల హక్కులేమిటి, ఏ దశలో ఏం జరుగుతుంది అన్నది వివరించే కాగితం. దర్యాప్తు అధికారి దాన్ని ప్రమాదం జరిగిన పది రోజుల్లో బాధితుడి కుటుంబానికి ఇచ్చి తీరాలి. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎవరికైనా ఈ మధ్య ప్రమాదం జరిగి ఉంటే, అది ఇచ్చారేమో కనుక్కోండి. ఇవ్వకపోతే స్టేషనుకు వెళ్లి ఫారం–2 పేరు చెప్పి అడగండి. తెలుగులో అడగండి. రెండు ప్రభుత్వాలూ దాన్ని తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి, ప్రతి క్యాజువాలిటీలో క్యాష్‌ కౌంటర్‌ పక్కన అతికించడానికి బడ్జెట్‌ అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. జిల్లా వైద్యాధికారి సంతకంతో ఒక సర్క్యులర్‌ చాలు.